అనంతపురం ఎండల్లో 5డబ్ల్యూ-30 ఆయిల్: నాలుగేళ్ల వాడకం

కారు 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగేళ్లలో 46 వేల కిలోమీటర్లు తిరిగింది, పోసింది ప్రతిసారీ 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్. మధ్యలో కంపెనీ మార్చి చూసినా తేడా ఏమీ కనపడలేదు. డబ్బా వెనక రాసిన గ్రేడు (5డబ్ల్యూ-30 లాంటిది), ఆయిల్ నాణ్యత స్థాయి చెప్పే ఏపీఐ ముద్ర సరిపోతే చాలు, ముందు వైపు బొమ్మలతో పనిలేదు.

"మన ఎండలకు పల్చని ఆయిల్ నిలబడదు సార్, చిక్కటి 20డబ్ల్యూ-50 పోద్దాం" అని ఇక్కడి షెడ్లలో తరచుగా అంటుంటారు. ఇప్పటి ఇంజిన్లకు ఆ సలహా పనికిరాదు. బయట చలికాలం 17 డిగ్రీలున్నా, మే నెలలో 42 ఉన్నా, బండి వేడెక్కాక థర్మోస్టాట్ అనే వేడిని బట్టి తెరుచుకునే కవాటం ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. అందుకే బయటి ఎండ తేడా అంతా ఆయిల్ దాకా రాదు. చివరి అంకె 30 అంటే 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు ఉంటుందని. బేరింగుల మధ్య సందులను, ఆయిల్ పంపును కారు కంపెనీ వాళ్లు ఆ లెక్క మీదే చేస్తారు. వాల్వ్ టైమింగ్ మార్చే వీవీటీ కూడా సన్నటి దారుల్లో పారే ఆయిల్ ఒత్తిడితోనే కదులుతుంది. చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే వాల్వులను తెరిచే, పైనున్న క్యామ్‌షాఫ్ట్‌కు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలి లెక్క. 10డబ్ల్యూ కూడా మైనస్ 25 డిగ్రీల దాకా స్టార్ట్ అయ్యేలా చేసిందే కాబట్టి మన దగ్గర ఆ అంకెతో చిక్కు లేదు. లక్ష కిలోమీటర్లు దాటి ఆయిల్ తాగుతున్న బండికి చివరి అంకె 40 ఉన్నది పోయొచ్చు, అదీ మాన్యువల్ ఒప్పుకుంటేనే.

ఈ బండిలో ఒక ఆయిల్ మార్పుకూ ఇంకో మార్పుకూ మధ్య, మట్టం చూసే డిప్‌స్టిక్ మీద రెండు గుర్తుల నడుమ పావు వంతు కూడా దిగలేదు. ఎండాకాలంలో బెంగళూరు హైవే మీద ఏసీ వేసుకుని ఆపకుండా పోయినా అంతే.

ఆయిల్‌ను నిజంగా పాడుచేసేది దుమ్ము, దగ్గరి తిరుగుళ్లు. సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా పోయి ఆపేస్తే ఆయిల్ సరిగా వేడెక్కనే వేడెక్కదు. కాలని పెట్రోలు, నీటి ఆవిరి అందులోనే మిగిలిపోతాయి. ఫిల్లర్ మూత కింద మీగడలాంటి తెల్లటి పూత కనపడితే చాలావరకు ఇదే కారణం. కానీ కూలెంట్ కూడా తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) గొడవ కావొచ్చు, వెంటనే చూపించాలి. తాడిపత్రి వైపు రాళ్ల పాలిషింగ్ యూనిట్ల దుమ్ములో ఎక్కువ తిరిగే బండికి 10 వేల కిలోమీటర్ల దాకా ఆగొద్దు. 5 వేలకే మార్చాలి, తక్కువ తిరిగినా ఏడాది దాటనివ్వొద్దు. ఖరీదైన ఆయిల్ మీద పెట్టే డబ్బులో కొంత ఎయిర్ ఫిల్టర్ మీద పెట్టడం మేలు. ఫిల్టర్ డబ్బా క్లిప్పు ఒక్కటి వదులైనా ఇసుక పొడి సిలిండర్లలోకి పోయి, అక్కడి నుంచి ఆయిల్‌లో కలిసి పిస్టన్ రింగులను గీకుతుంది.

ఎక్కువ తప్పులు పోసేటప్పుడే జరుగుతాయి. ఈ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు చాలు, అమ్మేది 3.5 లీటర్ల డబ్బా. మెకానిక్ మొత్తం ఒంపేస్తాడు. మట్టం మరీ ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్‌తో ఒత్తిడి నిలవదు. మొదట 2.8 పోయించి, ఇంజిన్ ఒక నిమిషం నడిపి, చదును నేల మీద పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడాలి. పై గుర్తుకు కొంచెం కిందే ఆపి మిగిలింది ఇంటికి తెచ్చుకోవాలి, టాప్-అప్‌కు పనికొస్తుంది. డ్రెయిన్ బోల్టు వాషరు ప్రతిసారీ కొత్తది వేయించాలి. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు వేలితో ఆయిల్ రాసి, రింగు తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే చాలు. స్పానర్‌తో బిగిస్తే రింగు నలిగి కారుతుంది.

టర్బో పెట్రోల్ బండ్లకు మాన్యువల్‌లో చెప్పిన గ్రేడులోనే ఏపీఐ ముద్రలో ఎస్‌పీ అని ఉన్నది చూసి తీసుకోవాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 డీజిల్‌కు ఈ ఆయిల్ ఎంపిక లెక్క వర్తించదు. మాన్యువల్‌లో యూరప్ ప్రమాణమైన ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో ఉంటే ఖచ్చితంగా అదే పోయాలి. మామూలు డీజిల్ ఆయిల్ వదిలే బూడిద, మసిని కాల్చేసే రీజెనరేషన్‌లో కాలదు, డీపీఎఫ్‌లోనే పేరుకుపోతుంది.

డబ్బా సీలు మన కళ్లముందే తీయించాలి. పని అయ్యాక ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో బొక్క పొడిచి గానీ అక్కడ వదలొద్దు, నకిలీ ఆయిల్ నింపేది ఇలాంటి డబ్బాల్లోనే.