నల్లోడితో అబిస్కోలో ఐదు రోజులు

ఏప్రిల్ మూడో వారంలో స్వీడన్ ఉత్తరానున్న అబిస్కో వెళ్తున్నామని చెప్తే విజయవాడ నుంచి అమ్మ, "ఇక్కడ ఎండలకి గడప దాటలేకపోతున్నాం, మీరేమో మంచులో పడుకోవడానికి పోతారా, ఆ మూగజీవాన్ని కూడా తీసుకుని?" అంది. ఆ మూగజీవం మా నల్లోడు. నాలుగేళ్ల ఫిన్నిష్ లాపుండ్ జాతి కుక్క. మేముండేది స్టాక్‌హోమ్‌లోనే అయినా వాడి జాతి పుట్టిందే ఆ ఉత్తరాది మంచులో, రెయిన్‌డీర్లు కాయడానికి.

స్వీడన్ ఉత్తరాన కుక్కతో టెంటు వేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి కాలం కనపడలేదు. జనవరిలో చీకటి, వేసవిలో దోమలు. ఈ మధ్య రోజుల్ని స్వీడిష్‌వాళ్లు 'వోర్‌వింటర్' అంటారు. వసంతమూ చలికాలమూ కలిసిన కాలం అన్నమాట. అక్కడి సామీ ప్రజలు ఏడాదిని ఎనిమిది రుతువులుగా లెక్కపెడతారు. ఉత్తర సామీ భాషలో ఏప్రిల్ పేరు త్సుఓంగొమాన్ను, అంటే మంచు మీద గట్టి పెచ్చు కట్టే నెల. పగటి ఎండకి పైమంచు కరుగుతుంది, రాత్రి మైనస్ పదికి దిగేసరికి మళ్లీ బిగుసుకుంటుంది. తెల్లవారుజామున దాని మీద నడిస్తే గచ్చు మీద నడిచినట్టే ఉంటుంది. అదే మంచులో పదకొండు దాటాక నల్లోడు పొట్టదాకా కూరుకుపోయాడు. మొదటిరోజే అది చూశాక మా గడియారం మార్చేశాం: మూడున్నరకి లేవడం, పదిన్నరకల్లా నడక ఆపేయడం, మధ్యాహ్నం నిద్ర. నాలుగున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు, రాత్రి తొమ్మిది దాకా ఉంటాడు కాబట్టి టార్చిలైటు అవసరమే పడలేదు.

వెళ్లింది నార్వేలోని నార్విక్ వెళ్లే రాత్రి రైల్లో. పెంపుడు జంతువులున్నవాళ్లకి అందులో విడిగా బెర్తులు ఉంటాయి, కానీ అవి చాలా కొద్ది. మేము రెండు నెలల ముందే బుక్ చేయించుకున్నాం. కుక్కతో వెళ్లేవాళ్లు ముందు రైలు టిక్కెట్టు చూసుకుని, ఆ తర్వాతే మిగతా ఏర్పాట్లు చేసుకోండి. విమానంలో ఇంత జంతువుని సామాన్ల అరలో వేయడం నాకు మనసొప్పలేదు.

మొదటి రాత్రి ఊళ్లో ఒక ప్రైవేటు బసలో ఉన్నాం. కుక్కలకి స్వాగతం అని రాసి ఉంది. గది శుభ్రంగానే ఉంది, కిటికీలోంచి లాపోర్టెన్, అంటే కొండల మధ్య ఉయ్యాలలాంటి వంపు, ఎదురుగా కనపడుతుంది. ఖాళీ చేసేటప్పుడు మాత్రం శుభ్రం చేయడానికని వేరే డబ్బు అడిగారు. డబ్బు కన్నా ముందు చెప్పకపోవడమే బాధనిపించింది. మళ్లీ ఆ బసకి వెళ్లను.

అబిస్కో జాతీయ ఉద్యానం 1909 నుంచి ఉంది. లోపల టెంటు ఎక్కడపడితే అక్కడ వేయకూడదు, కేటాయించిన చోట్లే వేయాలి. మేము కుంగ్స్‌లేడెన్ అనే కాలినడక దారిన 15 కిలోమీటర్లు నడిచి అబిస్కోయౌరె హట్ (నడిచేవాళ్లు రాత్రి ఉండే బస) పక్కన వేసుకున్నాం. చలికాలపు దారికి కర్రల మీద ఎర్రటి ఇంటూ గుర్తులు ఉంటాయి, తప్పిపోవడం కష్టం. సామానంతా అద్దె మంచుబండి మీద పెట్టి, హార్నెస్ వేసుకుని మా ఆయన, నల్లోడు కలిసి లాగారు. సగం దారిలో ఆ బండి నడుముపట్టీ బకిల్ విరిగింది. తాడుతో కట్టుకుని నెట్టుకొచ్చాం. అద్దెకి తీసుకునేటప్పుడు ప్రతి బకిల్‌నీ గట్టిగా లాగి చూసుకోండి.

వాడి పాదాల గురించి కొంచెం చెప్పాలి. వేళ్ల మధ్య వెంట్రుకలకి మంచు అంటుకుని గోలీల్లా గడ్డకడుతుంది, అది కోసుకుపోయి కుక్కలు కుంటుతాయి. ఇంట్లోనే ఆ వెంట్రుకలు కత్తిరించి, రోజూ బయల్దేరే ముందు మైనం రాశాను. మేజోళ్లలాంటి బూట్లు కూడా తీసుకెళ్లాం, నాలుగింట్లో ఒకటి మొదటి గంటలోనే పోయింది. పెచ్చు అంచులు గాజుపెంకుల్లా కోస్తాయి కాబట్టి మిగిలిన మూడూ ముందుకాళ్లకి మార్చి మార్చి వేశాను. మంచు తింటూ దాహం తీర్చుకోబోతే ఆపి, గోరువెచ్చని నీళ్లలో కాస్త లివర్ పేస్టు కలిపి ఇచ్చాను. గిన్నె నాకేసేవాడు. తిండి రోజూ పెట్టేదానికి ఒకటిన్నర రెట్లు పెట్టినా మిగల్చలేదు.

హట్‌ని నడిపేది స్వీడిష్ టూరిస్ట్ అసోసియేషన్. 1885లో పుట్టిన సంస్థ. కరెంటు ఉండదు, కట్టెపొయ్యి, గ్యాస్ పొయ్యి ఉంటాయి. నీళ్లు గడ్డకట్టిన సరస్సులో కన్నం దగ్గర నుంచి మోసుకు రావాలి, కట్టెలు మనమే కొట్టుకోవాలి. టెంటులో ఉండేవాళ్లు కొంత రుసుము కడితే వంటగది, సౌనా (ఆవిరిస్నానపు గది) వాడుకోవచ్చు. రెండో రాత్రి గాలి లేచి టెంటు తాళ్లు పీకేయబోతుంటే మేము లోపలికి మారిపోయాం. కుక్కలున్నవాళ్లకి విడి గది ఉంది. వార్డెన్ ఆవిడ ఎలర్జీ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మిగతావాళ్లని కనుక్కుని, గుమ్మం దగ్గర పాత తువ్వాలు పరిచి, "ముందు వాడి పొట్ట తుడవండి" అంది. ఇదీ కుక్కకి స్వాగతం అంటే. పొయ్యి మీద గుంటూరు కారం వేసి ఉప్మా చేస్తే ఇద్దరు జర్మన్ కుర్రాళ్లు రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

మూడోరోజు తెల్లారి, గాలి మళ్లీ లేవకముందు, తర్వాతి హట్ ఉన్న అలెస్‌యౌరె వైపు కొంతదూరం వెళ్లాం. ఉద్యానం దాటిన కాసేపటికి నల్లోడు ఆగిపోయాడు. వాలులో ఐదు రెయిన్‌డీర్లు, అన్నిటికీ కొమ్ములున్నాయి. ఎదిగిన మగవి చలికాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేస్తాయి, చూలుతో ఉన్న ఆడవాటికి ఈనేదాకా ఉంటాయి. ఏప్రిల్‌లో కొమ్ములతో కనపడ్డాయంటే చాలావరకు చూలివేనని అర్థం. ఈ నెలల్లో అవి బక్కచిక్కి ఉంటాయి. కుక్క భయంతో పరుగెత్తితే దూడని పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పైగా స్వీడన్‌లో మార్చి 1 నుంచి ఆగస్టు 20 దాకా కుక్కల్ని బయట విచ్చలవిడిగా తిరగనివ్వకూడదని చట్టం. వాడి వెన్ను మీద వెంట్రుకలు లేచాయి, ముక్కు వణుకుతోంది, గొంతులో సన్నటి మూలుగు. తాతముత్తాతల నుంచీ వాడి ఒంట్లో ఉన్న పని అది. నేను మంచులో కూర్చుని వాణ్ణి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను, లీష్ చేతికి రెండు చుట్లు. అవి డెక్కలతో మంచు తవ్వి కింద నాచు మేస్తున్నాయి, ఆ టకటక మాదాకా వినపడుతోంది. నలభై నిమిషాలకి కొండ మలుపు దాటాయి. నా ప్యాంటు తడిసి కాళ్లు మొద్దుబారాయి. ఆ రోజు అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేశాం, ముందుకి వెళ్తే వాటి దారిలోకే పోతాం కదా.

నాలుగో రాత్రి అబిస్కో టూరిస్ట్ స్టేషన్‌లో. కుక్కల గది దొరికింది, వేడినీళ్ల స్నానం దొరికింది, అంతకంటే చెప్పేదేం లేదు. చివరి రోజు టోర్నెట్రాస్క్ సరస్సు మీద నడిచాం. 70 కిలోమీటర్ల పొడవున్న సరస్సు, జూన్ దాకా గడ్డకట్టే ఉంటుంది. రెయిన్‌డీర్ తోలు పరుచుకుని, కన్నం ముందు బోర్లా పడుకుని చేపలు పట్టేవాళ్లు కనపడ్డారు. నార్విక్ కూడా చూడాలనుకున్నాం గానీ నార్వేలోకి కుక్కని తీసుకెళ్లాలంటే 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగు మందు వేయించి, దాని పాస్‌పోర్టులో రాయించుకోవాలి. మేము వేయించలేదు. సరిహద్దు ఇవతల రిక్స్‌గ్రాన్సెన్ దాకా వెళ్లి తిరిగొచ్చాం. మీరు స్టాక్‌హోమ్‌లో బయల్దేరే ముందే వేయించుకుని, ఆ గంటల లెక్క చూసుకుని దాటొచ్చు.

తిరుగు రైలు బోడెన్‌లో ఆగినప్పుడు వాణ్ణి కిందికి దించాను. ప్లాట్‌ఫారం చివర మంచు కరిగి జానెడు మట్టి తేలింది. వాడు ముక్కు దాంట్లో పెట్టి, విజిల్ వేసేదాకా కదల్లేదు.