సెల్లార్‌లోకి దిగితే చెల్లని తాళంచెవి: రెండేళ్లు ఫోన్‌తో తలుపు తీశాక

అపార్ట్‌మెంట్ తలుపు తీయడానికి ఫోన్ యాప్‌లో ఇచ్చే తాళంచెవికి పాల ప్యాకెట్‌కి ఉన్నట్టే ఎక్స్‌పైరీ ఉంటుంది. అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు, యాప్‌లోనూ ఎక్కడా కనిపించదు. రెండేళ్ల వాడకంలో ఈ సిస్టమ్ మీద పేరుకున్న కోపమంతా ఆ ఒక్కదాని మీదే. మిగతావి సర్దుకుపోయే లోపాలు.

మాది హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల బ్లాక్. ఫోన్‌తో తెరిచే తాళాలు కింద లాబీ గాజు తలుపుకి ఒకటి, సెల్లార్ పార్కింగ్ నుంచి లిఫ్ట్ దగ్గరికి వచ్చే తలుపుకి ఒకటి పెట్టారు. రెండింటికీ 600 పౌండ్ల పట్టున్న మ్యాగ్నెట్ లాక్ (కరెంటు ఉన్నంతసేపు అయస్కాంతంతో తలుపుని పట్టి ఉంచేది), పక్కన గోడ మీద బ్లూటూత్, ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్‌ని ఆనిస్తే పనిచేసే పద్ధతి), కార్డు మూడూ తీసుకునే రీడర్. లాబీ తలుపు దగ్గర మొదటి ఆరు నెలలు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఫోన్ జేబులోంచి తీసేలోపే క్లిక్‌మని వదిలేసేది.

గొడవంతా సెల్లార్ తలుపుతోనే. కొందరికి తీస్తుంది, కొందరికి తీయదు. సెల్లార్‌లో తీయని ఫోనే ర్యాంప్ ఎక్కి లాబీకి వెళ్తే ఠక్కున తీస్తుంది. రీడర్ మీద ఎర్ర లైటు, రెండు బీప్‌లు, అంతే. సంక్రాంతికి ఊళ్లకి వెళ్లినవాళ్లు తిరిగొచ్చిన రాత్రి చూడాలి ఆ వైభవం: డిక్కీలోంచి దించిన సంచులు, అరిసెల డబ్బాలు తలుపు ముందు పోగయ్యాయి, నిద్రపోతున్న పిల్లలు భుజాల మీద, వాచ్‌మన్ చేతిలో కార్డుతో పైకీ కిందకీ పరుగులు.

ఇన్‌స్టాల్ చేసినవాళ్లు మొదట రీడర్ మార్చారు. తర్వాత లాక్ ప్లేటు సర్దారు. ఆ తర్వాత వోల్టేజీ తక్కువుందన్నారు. అది అబద్ధం కాదు. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 20 మీటర్లు లాగారు, పోను రాను 40 మీటర్లకి దాదాపు ఒకటిన్నర ఓమ్‌లు. లాక్ అర ఆంపియర్ తాగుతుంది కాబట్టి ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. అయితే వోల్టేజీ తగ్గితే లాక్ పట్టు సడలుతుంది, తలుపు ఇంకా తేలిగ్గా వస్తుంది గానీ బిగుసుకోదు. అసలు ఆధారం ఎర్ర లైటులోనే ఉంది. ఫోన్, రీడర్ ఒకదాన్నొకటి పట్టుకోలేకపోతే ఏ లైటూ రాదు. ఎర్ర లైటు వచ్చిందంటే రీడర్ ఫోన్‌తో మాట్లాడి, కీ చూసి, చెల్లదు పొమ్మంది.

ఎందుకు చెల్లదంటే, యాప్ తన సర్వర్ నుంచి డిజిటల్ సంతకం ఉన్న (అంటే నకిలీ కాదని సర్వర్ ముద్ర వేసిన) కీ తెచ్చుకుంటుంది. మా సిస్టమ్‌లో దాని ఆయుష్షు 24 గంటలు. నెట్ ఉన్నప్పుడల్లా యాప్ వెనకాల కొత్తది తెచ్చుకుంటూ ఉండాలి. రీడర్ తన గడియారంతో పోల్చి, గడువు దాటితే తిప్పి పంపుతుంది. లాబీలో సిగ్నల్ ఉంది కాబట్టి పాత కీ తిరస్కరించగానే రెండు మూడు సెకన్లలో కొత్తది దిగుతుంది, ఎవరికీ తెలియదు. సెల్లార్‌లో ఒక్క గీత కూడా రాదు. ఇక ఊరెళ్లినవాళ్ల ఫోన్లకి దారంతా నెట్ ఉండగా కీ ఎందుకు రాలేదంటే, నాలుగు రోజులు ముట్టుకోని యాప్‌ని ఆండ్రాయిడ్ బ్యాటరీ కోసం నిద్రపుచ్చుతుంది. రోజూ వాడేవాళ్లకి అది మెలకువగానే ఉంటుంది. తలుపు మనుషుల్ని బట్టి పనిచేస్తున్నట్టు కనిపించింది అందుకే.

మీ తలుపుది ఇదే జబ్బో కాదో ఇలా తేల్చుకోవచ్చు. పైన నెట్ ఉన్నచోట యాప్ తెరిచి పది సెకన్లు ఆగండి. ఎయిరోప్లేన్ మోడ్ వేసి, బ్లూటూత్ ఒక్కటే మళ్లీ ఆన్ చేసి కిందకి వెళ్లండి. తీస్తే రేడియో, వైరింగ్ బాగున్నట్టే. ఆ ఫోన్‌ని అలాగే వదిలేసి మర్నాడు అంతకంటే గంట ఆలస్యంగా ప్రయత్నించండి. ఎర్ర లైటు వచ్చిందా, గడువు 24 గంటలే. కరెంటు చాలాసేపు పోయి బ్యాకప్ బ్యాటరీ కూడా అయిపోయిన తర్వాత ఈ గొడవ మొదలైతే మాత్రం ముందు రీడర్ గడియారం చూడండి. అది వెనక్కి పోతే తాజా కీని కూడా ఇంకా మొదలవలేదని తిప్పి పంపుతుంది.

మందు అడ్మిన్ ప్యానెల్‌లోనే (ఎవరికి తలుపు తీయాలో నిర్వాహకులు నిర్ణయించే చోట) ఉంది, ఆఫ్‌లైన్ వ్యాలిడిటీ అని, అంటే నెట్ లేకుండా కీ ఎంతసేపు చెల్లాలన్నది. ఏడు రోజులకి పెంచుదామని అందరికీ అనిపిస్తుంది. తొందరపడకండి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే ప్యానెల్‌లో పేరు తీసేసినా, నెట్ ఆపేసిన వాళ్ల ఫోన్ ఏడు రోజుల దాకా తలుపు తీస్తూనే ఉంటుంది. రీడర్‌కి నెట్ ఉంటే రద్దు సమాచారం వెంటనే చేరుతుంది. మా సెల్లార్ రీడర్‌కి ఆ వైరు లేదు. అందుకే 72 గంటల దగ్గర ఆపాం. లిఫ్ట్ డక్ట్ గుండా లాన్ కేబుల్ దించి సెల్లార్‌లో వైఫై పెట్టాక చాలావరకు తగ్గింది, అదీ ఆ వైఫైకి ఒకసారైనా కనెక్ట్ అయినవాళ్లకే.

ఫోన్ వైపు పని ఎవరిది వాళ్లే చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, బ్యాటరీ, అన్‌రిస్ట్రిక్టెడ్. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆటోస్టార్ట్ విడిగా ఉంటుంది, అదీ ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందువాటిలో లొకేషన్ ఆపేస్తే బ్లూటూత్ స్కాన్ సాగదు. 12 నుంచి నియర్‌బై డివైసెస్ పర్మిషన్ అడుగుతుంది, ఇవ్వాలి. ఐఫోన్‌లో యాప్‌ని పైకి తోసి మూసేసే అలవాటున్నవాళ్లకి జేబులోంచి తెరుచుకోవడం అనేది ఉండదు.

ఆ జేబులోంచి తెరుచుకోవడాన్నే పైన మెచ్చుకున్నాను. ఇప్పుడది వాడటం లేదు. రీడర్ పరిధి పెంచితే లోపల లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్ల ఫోన్లకి కూడా తలుపు వదిలేసేది. తగ్గిస్తే వెనక జేబులో ఫోన్‌ని పట్టుకునేది కాదు, ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మన ఒళ్లే మింగేస్తుంది. పైగా 2022లో ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు బ్లూటూత్ సిగ్నల్‌ని మధ్యలో చేరవేసి టెస్లా కారునీ, క్విక్‌సెట్ కంపెనీ ఇంటి తాళాన్నీ తెరిచి చూపించారు. యాప్‌లో బటన్ నొక్కితేనే తీసేలా మార్చుకోవడం మేలు.

ఎన్‌ఎఫ్‌సీ అయితే రీడర్‌కి నాలుగు సెంటీమీటర్లలోపు ఆనించాలి, మా దాంట్లో స్క్రీన్ వెలుగుతూ ఉండాలి, ఐఫోన్లకి ఇవ్వలేదు. కారు హోల్డర్ కోసం కవర్‌లో ఇనప రేకు పెట్టుకుంటే అసలే చదవదు. కొత్తగా కొనేవాళ్లకి ఒక మాట: ఏ ఫోనైనా కార్డులా పనిచేస్తుందని చెప్పే చవక రీడర్లు చాలావరకు చిప్ నంబర్ మాత్రమే చదువుతాయి. ఆండ్రాయిడ్ కార్డులా నటించేటప్పుడు సాధారణంగా 08తో మొదలయ్యే నంబర్‌ని ప్రతిసారీ మార్చి ఇస్తుంది. డబ్బు కట్టేముందు ఒకే ఫోన్‌ని రెండుసార్లు ఆనించి లాగ్ (రీడర్ నమోదు చేసిన నంబర్ల జాబితా) చూడండి. రెండు వేర్వేరు నంబర్లు పడితే ఆ రీడర్ మీ ఫోన్‌ని ఎప్పటికీ గుర్తుపట్టదు.

కొనమంటారా అంటే, బండి ఎక్కడ పెడతారు అన్నదాన్ని బట్టి. రోజూ లాబీ నుంచే వచ్చిపోయేవాళ్లకి మా సిస్టమ్ ఇప్పటికీ హాయే. సెల్లార్ వాడేవాళ్లకి 72 గంటలు, వైఫై రెండూ ఉంటేనే. ఇళ్లల్లో పనిచేసేవాళ్లలో కొందరివి కీప్యాడ్ ఫోన్లు, పెద్దవాళ్లు యాప్ జోలికే రారు, కాబట్టి కార్డులు ఎలాగూ ఉంచాల్సిందే. నేనూ ఒకటి తీసుకున్నాను. దాన్ని ఫోన్ కవర్‌లో మాత్రం పెట్టుకోకండి. రీడర్‌కి రెండు చిప్‌లూ ఒకేసారి ఎదురుపడి ఒక్కోసారి ఏదీ చదవదు. కీచైన్ ట్యాగ్ అడిగి బండి తాళానికి తగిలించుకుంటే సరి.