గవర్నర్‌పేట చెవి మిషన్ల షాపు: ఎనిమిది నెలలు వాడాక

మా పాపకి రెండేళ్ళు నిండినా 'అమ్మ' అనలేదు. "వాళ్ళ నాన్నకీ మాటలు లేటే" అని మా అత్తయ్యగారు అంటే, అదే నిజమనుకుని నెట్టుకొచ్చాం. చివరికి సిరప్ పట్టించి నిద్రపుచ్చి, వినికిడి ఎంతుందో చూసే బెరా టెస్ట్ చేయిస్తే రెండు చెవులకీ 85 డెసిబెల్స్ లోపం అని తేలింది.

ఆ రిపోర్టు పట్టుకునే విజయవాడలో ఈ షాపుకి వచ్చాం. చెవి వెనక పెట్టే మిషన్లు రెండు తీసుకున్నాం. ఖరీదైన మోడల్ అడిగితే, పాపకి అది అక్కర్లేదని వాళ్ళే చెప్పారు. చెవి కొలతకి చేసి లోపల పెట్టే సిలికాన్ మౌల్డ్ మాత్రం పన్నెండు రోజులకి గానీ రాలేదు, మాతో అన్నిసార్లు ఫోన్ చేయించుకోవాల్సింది కాదు.

నేను రాయాలనుకున్నది రెండోసారి వెళ్ళిన రోజు గురించి. "రోజంతా పెడుతున్నాం మేడమ్" అన్నాను. అక్కడ వినికిడి చూసే ఆడియాలజిస్టు మేడమ్ మిషన్‌ని కంప్యూటర్‌కి తగిలించారు. రోజుకి గంటా పది నిమిషాలు అని వచ్చింది. ఎన్ని గంటలు వాడామో మిషనే లెక్క రాసుకుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆవిడ కోప్పడలేదు. "ఎవరన్నా ఇంటికొస్తే తీసేస్తున్నారామ్మా?" అనడిగారు. అవును. తలుపు కొట్టిన చప్పుడైతే చాలు, తీసి ఫ్రిజ్ మీద డబ్బాలో పడేసేదాన్ని. పెళ్ళిళ్ళకైతే అసలు పెట్టేదాన్నే కాదు.

అక్కడే ఏడ్చేశాను. బయట ముగ్గురు కూర్చుని ఉన్నా ఆవిడ నలభై నిమిషాలు నాతోనే ఉన్నారు. "వినడంలో పాప వయసు మిషన్ పెట్టిన రోజు నుంచే లెక్కేయండి, తీసేసిన గంటలు తనకి పోయినట్టే" అన్నారు. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ సంగతి ఎత్తితే మా వారు లేచి బయటికెళ్ళిపోయారు. నాలుగు నెలలకి ఆయనే సచివాలయానికెళ్ళి స్లాట్ బుక్ చేయించుకొచ్చారు.

కొత్తగా వాడేవాళ్ళకి: 675 నంబరు బ్యాటరీకి ఉండే నీలం స్టిక్కర్ తీశాక నిమిషం గాలికి ఉంచి అప్పుడు వేయండి. కీచుమంటుంటే చాలాసార్లు మౌల్డ్ వదులైనట్టే, పిల్లల చెవి పెరుగుతుంది కదా. రాత్రి మిషన్లు తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెట్టండి, మన ఎండల చెమటకి పాడైపోతాయి.

మొన్న చూస్తే రోజుకి పదకొండు గంటలు వచ్చింది. రోజూ పొద్దున్నే నోరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అంటాను. విన్నప్పుడల్లా పాప గిన్నెలో ఒక శనగగింజ వేస్తుంది. ఐదు గింజలు పడుతున్నాయి. 'స్' ఇంకా అందడం లేదు, దానికోసం సోమవారం మళ్ళీ వెళ్తున్నాం.