ఎఫెసస్‌లో ఏది ముందు: శిథిలాలా, మ్యూజియమా?

టర్కీ పడమటి తీరానికి దగ్గర్లో ఉన్న ఎఫెసస్‌కి వెళ్లేవాళ్లకి ఈ సందేహం తప్పదు. పాత నగరం ఒకచోట, అక్కడ తవ్వకాల్లో దొరికిన వస్తువుల మ్యూజియం సుమారు మూడు కిలోమీటర్ల అవతల సెల్చుక్ ఊళ్లో.

ముందు మ్యూజియం చూడమనేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. విరిగిన స్తంభాల మధ్య తిరుగుతుంటే అక్కడ మనుషులు ఎలా బతికారో ఊహకి అందదు. ఇళ్లలో దొరికిన సామాన్లు, చిన్న బొమ్మలు ముందే చూసి వెళ్తే కాస్త అందుతుంది. పిల్లలు వెంట ఉంటే ఇదే మంచి పద్ధతి.

అయినా నా ఓటు శిథిలాలకే. వేసవిలో అయితే ఎండ ఒక్కటే చాలు కారణం. పాలరాతి వీధుల్లో నీడ చాలా తక్కువ. పొద్దున్నే పై గేటు నుంచి మొదలుపెడితే దారి చాలావరకు పల్లానికే. మధ్యాహ్నం మ్యూజియంలో గడపొచ్చు.

అసలు కారణం వేరే ఉంది. మ్యూజియంలో చాలా వస్తువుల్ని అవి దొరికిన చోటును బట్టి అమర్చారు. శిథిలాల్లోని పోలియో ఫౌంటెన్ ఖాళీగా ఉండటం చూసి వస్తే, గ్రీకు పురాణ కథల్లోని ఒంటికన్ను రాక్షసుడు పోలిఫెమస్, వీరుడు ఒడిస్సియస్ శిల్పాలు ఒకప్పుడు ఎక్కడ ఉండేవో వెంటనే తెలుస్తుంది. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ పేరిట ఉన్న గుడి మీద ఇప్పుడున్న శిల్పాల వరుస నకలు, అసలుది మ్యూజియంలో. మరో చక్రవర్తి డొమిషియన్ గుడిలో ఇప్పుడు మిగిలింది కొంచెమే, అందులోని విగ్రహం తల, చెయ్యి మాత్రం మ్యూజియంలో ఉన్నాయి. అంత పెద్ద తల డొమిషియన్‌దా, అతని అన్న టైటస్‌దా అని పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి.

గ్రీకు దేవత అర్తెమిస్ విషయంలో ఈ వరుస ఇంకా బాగా కలిసొస్తుంది. ప్రపంచ వింతల్లో ఒకటైన ఆమె గుడి స్థలంలో ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభమే మిగిలింది. అది చూశాక మ్యూజియంలో ఆమె విగ్రహాల ముందు నిలబడితే ఆ దేవత ఎంత గొప్పగా పూజలందుకుందో అర్థమవుతుంది. 1956లో దొరికిన ఆ విగ్రహాల దుస్తుల నిండా జంతువులు, తేనెటీగలు. ఛాతీ మీది గుండ్రటి వరుసలు స్తనాలా, గుడ్లా, మరేమైనానా అన్నది ఇప్పటికీ తేలలేదు. బైబిల్లోని అపొస్తలుల కార్యములు చదివినవాళ్లకి, ఈ దేవత పేరుతో జనం రెండు గంటలు కేకలు వేసిన థియేటర్‌ను శిథిలాల్లో కాసేపటి క్రితమే చూశామన్న భావన అదనం.

ఒక్క నిరాశ మాత్రం ఉంది. శిథిలాల్లోని సెల్సస్ లైబ్రరీ ముందుగోడలోని నాలుగు స్త్రీ మూర్తులు నకళ్లు. అసలువి సెల్చుక్‌లో కాదు, వియన్నాలో ఉన్నాయి. అమరావతి శిల్పాల్ని లండన్‌లో చూసిన మనవాళ్లకి ఈ బాధ కొత్తది కాదు.

ఒక్క పూటే ఉంటే? శిథిలాలతో పాటు విడిగా టికెట్ తీసుకుని, కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన టెర్రస్ ఇళ్లు చూడండి. అక్కడ గోడల మీది రంగుల చిత్రాలు, నేల మీది మొజాయిక్‌లు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. తర్వాత గంట మిగిలినా మ్యూజియంకి వెళ్లి, మిగతా గదులు వదిలేసి నేరుగా అర్తెమిస్ దగ్గరికి నడవండి.