విజయవాడ ఎండల్లో క్యారవాన్ బ్యాటరీలు: ట్యూబులర్ నుంచి లిథియం దాకా

టెంపో ట్రావెలర్‌ను ఆటోనగర్‌లో క్యారవాన్‌గా మార్పించుకుని కుటుంబంతో ఏళ్ల తరబడి తిరుగుతున్నవాడిగా, లోపలి ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, నీళ్ల పంపు నడిపే హౌస్ బ్యాటరీల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ వేరు, దాని ప్రసక్తి ఇక్కడ లేదు. మొదటి నాలుగేళ్లు రెండు 150 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే ఎన్ని యాంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) పొట్టి ట్యూబులర్ బ్యాటరీలు, అంటే ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ రకం, వాడాను. తర్వాత వాటిని తీసేసి 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించి, దానితో మూడు వేసవులు దాటించాను. మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో బ్యాటరీని వాడకం కంటే వేడే ఎక్కువగా తినేస్తుందని, ఏ రకం కొన్నా దాన్ని ఎక్కడ బిగించారు, ఏ వోల్టేజీతో ఛార్జి చేస్తున్నారు అన్నవే దాని ఆయుష్షును తేలుస్తాయని ఇన్నేళ్ల వాడకంలో నాకు అర్థమైంది.

ముందుగా లోడు లెక్క చెప్పాలి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచినంతసేపు నాలుగు యాంపియర్లు లాగుతుంది. మే నెలలో అది రోజులో మూడింట రెండు వంతుల సమయం నడుస్తూనే ఉంటుంది కాబట్టి 64 ఏహెచ్ దానికే పోతుంది. రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే మరో 40, లైట్లు, పంపు, ఫోన్లు కలిపి 15 వేసుకుంటే రోజుకు సుమారు 120 ఏహెచ్. ట్యూబులర్ బ్యాటరీని సగం కంటే దించితే దాని ఆయుష్షు వేగంగా తరుగుతుంది కనుక, 300 ఏహెచ్‌లో నిజంగా వాడుకోదగ్గది 150 మాత్రమే. అంటే ఎండ సరిగా లేని చోట ఒక రోజు గడుస్తుంది, రెండో రోజు గడవదు.

ట్యూబులర్ బ్యాటరీలకు సేవ చేసినంతకాలం అవి నమ్మకంగానే పనిచేశాయి. నెలకోసారి ఛార్జింగ్ పూర్తయ్యాక కొంతసేపు ఆగి ప్రతి సెల్‌కూ గ్రావిటీ, అంటే యాసిడ్ సాంద్రత, హైడ్రోమీటర్‌తో చూసేవాడిని. హైడ్రోమీటర్ రబ్బరు బుర్రను నొక్కి వదిలితే యాసిడ్ గాజు గొట్టంలోకి ఎక్కుతుంది. అందులో తేలే చిన్న బుడ్డి గొట్టం గోడకు తగలకుండా నిలిచాక, కంటికి సమానంగా ఎత్తి పట్టుకుని గీత చదవాలి. పూర్తిగా ఎక్కిన ట్యూబులర్‌లో 27 డిగ్రీల వద్ద అది సాధారణంగా 1240 చుట్టూ ఉంటుంది. యాసిడ్ వేడెక్కితే పలచబడి రీడింగు తగ్గుతుంది, 27 పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.7 చొప్పున కలుపుకోవాలి. అందువల్ల మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల యాసిడ్‌లో 1230 కనిపించినా నిజానికి బ్యాటరీ నిండుగానే ఉన్నట్టు లెక్క. ఈ సవరణ తెలియక ఛార్జింగ్ ఎక్కలేదని వోల్టేజీ పెంచేవాళ్లను చూశాను. దానివల్ల నీళ్లు మరిగినట్టు తగ్గిపోతాయి, ప్లేట్లు దెబ్బతింటాయి.

నీళ్లంటే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. మినరల్ వాటర్, ఆర్వో నీళ్లు శుభ్రంగా కనిపించినా వాటిలో లవణాలు ఉంటాయి. యాసిడ్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే. టెర్మినళ్ల మీద పట్టే తెల్లటి, నీలిరంగు పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక వాజలిన్ రాస్తే చాలు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది, గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. మనుషులు పడుకునే బండిలో ట్యూబులర్ పెట్టేవారు బ్యాటరీ పెట్టెకు బయటికి గొట్టం తప్పనిసరిగా తీయించాలి.

వోల్టేజీ విషయానికి వస్తే, 25 డిగ్రీల వద్ద 14.4 వోల్టులు సరైన ఛార్జింగ్ అయితే, 45 డిగ్రీల వద్ద సుమారు 13.9 సరిపోతుంది. ఈ అర వోల్టును తగ్గించాలంటే, ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే సోలార్ కంట్రోలర్‌కు బ్యాటరీ మీద అంటించే ఉష్ణోగ్రత సెన్సారు ఉండాలి. చాలా చవక కంట్రోలర్లలో అది ఉండదు, ఉన్నా బిగించేవాళ్లు పెట్టెలోనే వదిలేస్తారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది బ్యాటరీ రంగంలో అందరూ పాటించే లెక్క. వెనక సీటు కింద, సైలెన్సర్‌కు దగ్గరగా పెట్టె కట్టించుకున్న క్యారవాన్లు ఇప్పటికీ కనబడుతున్నాయి. నా దృష్టిలో ఖరీదైన బ్యాటరీ కొనే ముందు ఆ పెట్టెను చల్లటి వైపుకు జరిపించుకోవడమే పెద్ద పని.

నాలుగో వేసవి చివర ఒక బ్యాటరీలో ఐదు సెల్స్ 1230 దగ్గర ఉండగా, మూడో సెల్ 1150 దాటలేదు. ఆటోనగర్‌లో మాకు పని చేసే ఎలక్ట్రీషియన్ దాన్ని చూసి, "ఈ సెల్ పోయిందండీ. రెండో బ్యాటరీ బాగానే ఉంది, దీన్నొక్కదాన్నే మార్చేద్దాం" అన్నారు. ఆయన చెప్పింది ఖర్చు తగ్గించే సలహాయే. కానీ పక్కపక్కన కలిపి కట్టిన బ్యాటరీల్లో కొత్తది ఎక్కువ భారం మోస్తుంది, పాతది దాన్ని తన స్థాయికి లాగుతుంది. కొంతకాలానికి రెండూ మార్చాల్సి వస్తుంది. మార్చితే జంటగానే మార్చాలని నిర్ణయించుకుని, అప్పుడే లిథియం వైపు మళ్లాను.

బరువు తేడా మొదటి రోజే తెలిసింది. రెండు ట్యూబులర్లు కలిపి వంద కిలోలు దాటేవి. 200 ఏహెచ్ లిథియం 24 కిలోలు. ధర మాత్రం నేను కొన్నప్పుడు ట్యూబులర్ జంటకు దాదాపు మూడు రెట్లయింది. దానికి మరో రెండు ఖర్చులు కలుపుకోవాలి. ట్యూబులర్ తన సామర్థ్యం మేరకే కరెంటు తీసుకుంటుంది, లిథియం మాత్రం ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇంజను నెమ్మదిగా తిరుగుతూ గాలి తగలనప్పుడు ఆల్టర్నేటర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ లాగుడుకు హద్దు పెట్టే 30 యాంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ మధ్యలో పెట్టించాను. విశాఖ వెళ్లే దారిలో రాజమండ్రి చేరేసరికి, ఎండతో సంబంధం లేకుండా, 90 ఏహెచ్ దాకా ఎక్కుతుంది.

రెండోది షంట్ మీటరు, అంటే బ్యాటరీలోకి ఎక్కే, దిగే కరెంటును లెక్కగట్టి ఎంత శాతం మిగిలిందో చూపేది. లిథియం వోల్టేజీ సగానికి పైనున్నా, కిందికి దిగినా దాదాపు ఒకేలా, 13.2 అటూ ఇటూ, ఉండిపోతుంది. వోల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పడం అసాధ్యం. సూర్యలంక తీరంలో తెల్లవారుజామున నా మీటరు 38 శాతం చూపుతుంటే వోల్టేజీ 13.1 ఉంది. ఆ అంకెను ట్యూబులర్‌లో చూస్తే నిండుగా ఉందనుకుంటాం.

వేడి మాత్రం లిథియంనూ వదలదు. తయారీదారును బట్టి 45 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కడో లోపలి బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే కంట్రోల్ సర్క్యూట్) ఛార్జింగ్‌ను ఆపేస్తుంది. మూసి ఎండలో నిలిపిన బండి లోపల ఆ వేడి సులువుగా వస్తుంది, ప్యానెళ్లు బాగా పనిచేసే మధ్యాహ్నం పూటే ఛార్జింగ్ ఆగిపోతుంది. పెట్టెకు చిన్న ఫ్యాను పెట్టించాక ఈ ఇబ్బంది పోయింది. బండి ఖాళీగా ఉండే రోజుల్లో పద్ధతి కూడా తలకిందులవుతుంది: ట్యూబులర్‌ను ఎప్పుడూ నిండుగా ఉంచాలి, లిథియంను ఎండాకాలంలో నిండుగా నెలల తరబడి వదిలేయకూడదు. నేను సుమారు సగానికి దించి మెయిన్ స్విచ్ ఆపుతాను, ప్రయాణానికి ముందురోజు నింపి సెల్స్ నాలుగూ సమానంగా ఉన్నాయో లేదో యాప్‌లో చూస్తాను.

సగం ఛార్జిలో రోజుల తరబడి ఉండగలగడం ఎంత పెద్ద సౌకర్యమో 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సమయంలో తెలిసింది. సింగ్ నగర్‌లో బంధువుల ఇంట్లో నేల మీదున్న ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్లలో మునిగిపోయింది. క్యారవాన్‌ను ఎత్తైన వీధిలో నిలిపి చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకు, ఎమర్జెన్సీ లైట్లకు ఛార్జింగ్ ఇచ్చాము. మబ్బుల్లో ప్యానెళ్ల నుంచి వచ్చింది కొద్దిగానే. అలాంటి స్థితిలో ట్యూబులర్ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడేది. లిథియంకు ఏ నష్టమూ జరగలేదు.

కొనేటప్పుడు తూకం వేయించండి. గుంటూరులో ఒక మిత్రుడికి 200 ఏహెచ్ అని అమ్మిన బ్యాటరీ పదిహేను కిలోలు కూడా లేదు. పది యాంపియర్ల లోడు పెట్టి దించితే ఇరవై గంటలు రావాల్సింది పన్నెండు గంటలకే ఆగిపోయింది. డబ్బు వెనక్కి రావడానికి ఆయన చాలా తిరగాల్సి వచ్చింది. ఈ లోడు పరీక్షను బిల్లు కట్టిన వారంలోపే చేయాలి. నా బ్యాటరీ మొన్నటి వేసవి తర్వాత అదే పరీక్షలో 190 ఏహెచ్ పైనే ఇచ్చింది.

పాత ట్యూబులర్లను బరువు లెక్కన డీలరుకే ఇచ్చాను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత తయారీదారులది. యాసిడ్‌ను కాలువలో ఒలకబోసి సీసం తీసుకునే చోట నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చినా ఇవ్వకండి.

ఏడాదిలో రెండు మూడు సార్లే బయటికి వెళ్లి, మిగతా కాలం బండిని ఇంటి కరెంటుకు తగిలించి ఉంచేవారికి సెన్సారున్న మంచి ఛార్జరుతో ట్యూబులర్ జంటే ఇప్పటికీ సరైనది. రాత్రంతా ఏసీ నడపాలనుకునేవారు మాత్రం రెండు రకాల్లో ఏదైనా సరే ముందు లెక్క వేసుకోవాలి: ఒక టన్ను ఏసీ పూర్తిగా నడిస్తే 12 వోల్టుల వైపు 90 యాంపియర్ల దాకా లాగుతుంది, 200 ఏహెచ్ లిథియం రెండు గంటల్లో ఖాళీ అవుతుంది.