ట్రైనింగ్ అయ్యాక ఏ ఆట మేలు? బజరా, ఫోన్ క్విజ్జా, కార్డులా?

పరవాడ ఫార్మా సిటీ అయినా, గాజువాక ఆటోనగర్ అయినా, సేఫ్టీ ట్రైనింగ్ చివరి అరగంటలో స్లైడ్లు మళ్లీ తిప్పితే వినేవాళ్లు తక్కువ. ఆ సమయంలో టీంలు చేసి ఆట ఆడించడమే మంచిది. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం గడిచాక చూస్తే, పాఠం పక్కనపెట్టి గుర్తుచేసుకుంటూ రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అంటే ఆటలో ప్రతి ఒక్కరూ బుర్రకు పని చెప్పాలి.

బజర్ ఆట ఇక్కడే దెబ్బతింటుంది. సందడి బాగానే ఉంటుంది, కానీ చురుకైనవాడు ఒకడు నొక్కేస్తాడు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. నిన్నగాక మొన్న చేరిన కాంట్రాక్ట్ కుర్రాడికి ఏం అర్థమైందో ఎవరికీ తెలియదు. నిజానికి ప్రమాదం అతనికే ఎక్కువ.

కహూట్ లాంటి ఫోన్ క్విజ్ కొంత నయం. ఎవరి ఫోన్లో వాళ్లు నొక్కితే, తప్పు జవాబు ఎంతమంది ఇచ్చారో తెరమీదే కనిపిస్తుంది. ట్యాంకులోకి దిగే ముందు ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉండాలన్నటువంటి ఒక్క ముక్క విషయాలకు సరిపోతుంది. కాకపోతే త్వరగా నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు. పనిలో తొందరపడొద్దని పొద్దున్నుంచీ చెప్పి, సాయంత్రం తొందరకే బహుమతి ఇవ్వడం నాకు నచ్చదు.

నా ఓటు కార్డులకే. మెషీన్ రిపేరుకు ముందు చేసే లాకౌట్ (పొరపాటున మెషీన్ ఆన్ కాకుండా తాళం వేయడం) పనులే తీసుకోండి: సంబంధించినవాళ్లకు చెప్పడం, మెషీన్ ఆపడం, కరెంటు తీసేయడం, తాళం వేసి ట్యాగ్ కట్టడం, లోపల మిగిలిన ప్రెషర్ వదలడం, స్టార్ట్ బటన్ నొక్కి మెషీన్ కదలట్లేదని చూసుకోవడం. ఒక్కో కార్డు మీద ఒక్కోటి రాసి, కలిపేసి, ప్రతి టీంకూ ఒక కట్ట ఇవ్వాలి. ముందు రెండు నిమిషాలు ఎవరికి వాళ్లు కాగితం మీద వరస రాసుకోవాలి. ఇది వదిలేస్తే ఇక్కడా సీనియర్ చెప్పిందే వేదమవుతుంది. తర్వాత తలో కార్డు పట్టుకుని వరసలో నిలబడాలి. "ప్రెషర్ వదలకుండా మెషీన్ మీది రక్షణ కవర్ తీస్తే ఏమవుద్ది?" అని పక్కవాడు అడిగాడంటే ట్రైనింగ్ తలకెక్కినట్టే.

ఇందులో ఇబ్బంది సమయం. ఇరవై నిమిషాలైనా కావాలి, తప్పు వరసను ట్రైనర్ అక్కడికక్కడే సరిదిద్దాలి. పది నిమిషాలే ఉంటే ఫోన్ క్విజ్ పెట్టి, కార్డుల కట్టను వచ్చే వారం టూల్‌బాక్స్ టాక్‌లో (పని మొదలుపెట్టే ముందు పెట్టే చిన్న సేఫ్టీ మీటింగ్‌లో) తీయండి.