ఆటో ఏసీతో అయిదేళ్లు: 24 పెట్టి చెయ్యి తీసేయండి

కారు కొని అయిదేళ్లయింది, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆటో ఏసీ అంటే మనం డిగ్రీలు పెడితే మిగతాది తనే చూసుకునే ఏసీ. మొదటి ఏడాదంతా దానికి పెట్టిన డబ్బు దండగనే అనుకున్నాను. తప్పు నాదే. విజయవాడ ఎండలో బండి ఎక్కగానే 18కి దించడం, పది నిమిషాలకు వణుకుతూ 27కి పెంచడం!

18 పెడితే త్వరగా చల్లబడదు. మే నెలలో బయట పెట్టిన బండి లోపల ఎలాగూ కొలిమే. 24 పెట్టినా మొదట ఏసీ పూర్తి జోరుమీదే ఉంటుంది. బ్లోయర్ (గాలి కొట్టే ఫ్యాను) హోరెత్తుతుంది, బయటి గాలి మూసుకుని లోపలి గాలే తిరుగుతుంది. 24 దగ్గరపడేకొద్దీ బ్లోయర్ దానంతటదే నెమ్మదిస్తుంది. అప్పుడు డాష్‌బోర్డు లోపలున్న చిన్న తలుపు కొంత గాలిని హీటర్ మీదుగా మళ్లించి చల్లగాలిలో కలుపుతుంది. ఎండాకాలంలో హీటరేమిటని మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

రెండో వేసవిలో కొత్త తంటా. రాత్రిళ్లు బాగానే ఉండేది, మిట్టమధ్యాహ్నం మాత్రం గాలి చాలేది కాదు. గ్యాస్ తగ్గిందని ఒక గ్యారేజీలో 1,800 వదిలించారు. ఫలితం సున్నా. ఇంకో మెకానిక్ డాష్‌బోర్డు వంక చూసి, "సార్, స్వామిని కాస్త పక్కకు జరపండి" అన్నాడు. అద్దం మొదట్లో గోళీ అంత నల్ల బుడిపె ఉంది. ఎండను పసిగట్టే సెన్సర్ అదే. సరిగ్గా దాన్ని కప్పేస్తూ నేను వినాయకుణ్ణి అంటించాను! ఎండే లేదనుకుని ఏసీ బ్లోయర్ తగ్గించేస్తోంది.

స్టీరింగ్ పక్కన చిన్న జాలీ కూడా ఉంది. అగరొత్తి దగ్గర పెడితే పొగ లోపలికి పోతుంది. లోపలి వేడిని చూసుకునేది అక్కడే, దానికి అడ్డం ఏమీ తగిలించకండి.

వానలో మాత్రం ఆటోను నమ్మను. లోపలి గాలే తిప్పుతూ అద్దానికి ఆవిరి పట్టిస్తుంది. ముందద్దం బటన్ నొక్కితే బయటి గాలి తీసుకుని, ఏసీ వేసి, పొడిగాలిని అద్దం మీదికి కొడుతుంది, నిమిషంలో క్లియర్. బయటివైపు పట్టిందంటే అద్దం మరీ చల్లబడిందన్నమాట: వైపర్ వేసి, రెండు మూడు డిగ్రీలు పెంచాలి.

నాలుగో ఏట గ్లవ్‌బాక్స్ వెనక టకటకమని చప్పుడు మొదలైంది. హీటర్ గాలి కలిపే ఆ చిన్న తలుపును తిప్పే మోటారులో ప్లాస్టిక్ పళ్లు అరిగాయట, మార్పించాను. లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మాత్రం నేనే మారుస్తాను.

వెనక సీటు సంగతి దీనికి పట్టదు, జాలీ ఉన్నది ముందే కదా. అమ్మ వెనక కూర్చుని "ఉక్కపోస్తోందిరా" అంటే 22కి దించుతాను, నా పక్కన మా ఆవిడ చున్నీ కప్పుకుంటుంది.